ద్రోహి యనుటకు ముందు

పరభాష నేర్చువానికి మొదట పట్టుబడునవి అన్నము, నీళ్లు, దారి, ధర మొదలగు మాటలు. ఇవి తప్పు పలికినను లోకము నవ్వి యూరకుండును. పిమ్మట వచ్చునవి పలుకరింపులు, పరిహాసములు. కడపటగాని చేతికి రాని మాటలు కొన్ని గలవు. వానిని ఆ భాషవారు తమలో తాము మిక్కిలి పూచీతో వాడుకొందురు. వాని బరువును వారు బ్రతుకులో దెబ్బలు తిని తెలిసికొనిరి గాని నిఘంటువులు చూచి తెలిసికొనలేదు. అట్టి మాట నొకదానిని మేము వేళాకోళమునకు వాడి యొక సజ్జనుని నొప్పించితిమి. ఆ తప్పును దిద్దుకొనబోయి, అంతకు మున్ను మా యింటిలోనే చేసిన మఱియొక పెద్దతప్పును కనుగొంటిమి. ఈ రెండు సంగతులను చదువరులకు విన్నవించుకొనుటయే యీ వ్యాసమునకు పని.

ఉద్యోగమునకై మేము కొన్ని సంవత్సరములు హాంకాంగు పట్టణమున నుంటిమి. అచటి జనులు ఇంటను బయటను మాట్లాడు భాష కాంటనీసు. దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునను, మకావునను గూడ దీనిని మాట్లాడుదురు. ఒకే పదమును ఎత్తి పలికిన నొక అర్థము, దించి పలికిన వేఱొక అర్థము. ఇట్టి స్వరభేదములు ఆఱు. ఈ భాషలో మాకు మొట్టమొదట సంతోషము గొలిపినది ఐదు అను సంఖ్యకు గల పేరు. మన వర్ణమాలలో 'క ఖ గ ఘ'ల తరువాతి 'ఙ'ను పలకమీద దిద్దించి, పిమ్మట జన్మమున దానితో పని లేకుండ చేయుదురు గదా! కాంటనీసున ఐదునకు పేరు ఆ ధ్వనియే. అచ్చు తోడులేని ఒంటి 'ఙ్'. నేటి యువకులు పలువురు దానిని 'మ్' అని తేల్చివేయుదురు. మేము మాత్రము చిన్ననాటి పంతులుగారిని తలచుకొని నిండుగా 'ఙ్' అనియే పలికి గర్వించుచుంటిమి.

ఆ గర్వమే మమ్ము చెఱచినది. మా కచేరీలోని పిన్నవారు మధ్యాహ్నవేళ చీట్లాడుచు, ఒకడు తన జట్టువాని చేతిలోని చీటి సంగతి బయటపెట్టినప్పుడు "యీ-ఙ్-జాయ్!" అని కేకవేసి నవ్వుకొనుచుండిరి. 'యీ' యనగా రెండు. 'ఙ్' అనగా ఐదు. 'జాయ్' అనగా పిల్లవాడు, కుఱ్ఱడు. ఈ కడపటి పదము మన 'గాడు' వంటిది. ముద్దునకును చెల్లును, తిరస్కారమునకును చెల్లును. రెండైదుల కుఱ్ఱడు! పిల్లల యాటలలోని మాటవలె మాకు తోచినది. అర్థమడుగగా నొకడు "తనవారిని పట్టియిచ్చువాడు" అని చెప్పెను. అతడు నవ్వుచు చెప్పెను గనుక మేమును నవ్వుచునే నేర్చికొంటిమి.

మాతో సమానమైన పనిలో నున్న మిత్రుడొకడు మఱియొక సంస్థలో ఎక్కువ జీతమునకు కుదిరెను. నియమప్రకారము నెల ముందుగా తెలియజేసి, కాగితములన్నియు క్రొత్తవానికి అప్పగించి, ఎవరికిని మాట రాకుండ వెళ్లుచుండెను. వీడ్కోలు విందునకు పదిమందిమి గుండ్రని బల్లచుట్టు కూర్చుంటిమి. అందఱును అతనిని మెచ్చుకొనుచుండగా, మా భాషాజ్ఞానమును ప్రకటించుటకు ఇదియే సమయమని మేము అతని భుజము తట్టి, ఎదుటి పక్షమున చేరుచున్నాడు గనుక వీడు "యీ-ఙ్-జాయ్" అని బిగ్గఱగా అంటిమి. మొదటి పదమును దిగువ సమస్వరమున, రెండవదానిని దిగువనుండి లేచు స్వరమున, మూడవదానిని పైకెగయు స్వరమున, ఒక్క లోపము లేకుండ పలికితిమి. అప్పుడు మా స్వరము తప్పియున్న నెంత బాగుగ నుండెడిది!

ఎవరును నవ్వలేదు. ఒకరు బల్లనడిమి పళ్లెరమును ఊరక త్రిప్పసాగిరి. మా మిత్రుడు చేతిలోని పుల్లలను క్రిందనుంచి, తేనీటికూజా తీసికొని వరుసగా అందఱికిని పోసెను. అచట తేనీరు పోసినవారికి నోటితో గాక, రెండు వ్రేళ్లతో బల్లపై మెల్లగా తట్టి కృతజ్ఞత తెలుపుట ఆచారము. ఒక్కొక్కరు తట్టినప్పుడు అతడు తల యూచెను. మా గిన్నెయు నింపెను. మేమును తట్టితిమి. అతడు మావంక చూడలేదు.

మఱునాడు మా కచేరీలో జమాఖర్చులు చూచు పెద్దామె మమ్ము పిలిచిరి. ఆమె ఉద్యోగవిరమణకు దగ్గఱపడి యుండిరి. మాబోటివారి నందఱిని "హౌ-సాంగ్-జాయ్", అనగా పడుచువాడా, యని పిలుచుట ఆమె అలవాటు. "పడుచువాడా, నేను నిన్ను పిలుచు 'జాయ్' వేఱు, నిన్న నీవు పలికిన 'జాయ్' వేఱు. సాయంకాలము నాతో రా, చెప్పెదను" అనిరి.

ఆమె మమ్ము తీసికొనిపోయినది హాలీవుడ్ వీథిలోని మన్-మౌ దేవాలయమునకు. ఇది పందొమ్మిదవ శతాబ్దిమధ్యమున కట్టబడినది. మన్ అనగా విద్య. మౌ అనగా శౌర్యము. విద్యకు అధిదేవత యొకరు, శౌర్యమునకు అధిదేవత గ్వాన్ గుంగు, ఇరువురును అందు పూజలందుకొనుచున్నారు. పైకప్పునుండి పెద్దపెద్ద అగరుచుట్టలు గంటలవలె వ్రేలాడుచు నిరంతరము పొగలు గ్రక్కుచుండును. గ్వాన్ గుంగు క్రీస్తుశకము 220 ప్రాంతమున యుద్ధమున పట్టువడి చంపబడిన సేనాని. ఇచ్చినమాటకు కట్టుపడినవాడను కీర్తిచే కాలక్రమమున దేవుడైనాడు. విచిత్రమేమనగా, హాంకాంగున నేరములు విచారించు పోలీసువారును ఈయన పటమునే పూజింతురు. వారు వెదకి పట్టుకొను ముఠాలవారును ఈయన పటమునే పూజింతురు. ఇరువురికిని కావలసినది విశ్వాసపాత్రతయే.

"పూర్వము తగవు పడిన యిరువురు సాక్ష్యములు దొరకనప్పుడు ఇచటికి వచ్చుచుండిరి. పసుపుపచ్చని కాగితముపై ప్రమాణము వ్రాసి కాల్చి, కోడితల నఱకుచుండిరి. మాట తప్పినవాని గతియు ఈ కోడిగతియే యని దాని భావము. మేము గట్టి యొట్టు అనుటకు నేటికిని 'కోడితల నఱకుట, పసుపుకాగితము కాల్చుట' అనియే అందుము. నీ మాట పుట్టినది ఇట్టి యొట్టులు పెట్టుకొనిన వారిలో" అని ఆమె చెప్పిరి.

పదునెనిమిదవ శతాబ్దమున ఫూజియెన్ రాష్ట్రమున 'ఆకాశభూమి సంఘ'మను రహస్యసంఘము పుట్టి, పరస్పరసహాయమును ప్రమాణబంధమును ఆధారముగా చేసికొని దక్షిణచీనా యంతట వ్యాపించెను. అందు చేరువారు ముప్పదియాఱు ప్రమాణములు చేయవలెను. తోడివానిని పట్టియిచ్చినవానికి మరణమే యని వానిలో పలుమాఱు వచ్చును. దీని సంతతివే హాంకాంగులోని నేరముఠాలు. ఆంగ్లప్రభుత్వము ఆ ద్వీపమును చేకొనిన కొలదికాలమునకే, 1845లో, వీనిని నిషేధించి శాసనము చేసెను. నేటికిని అందు సభ్యత్వము నేరమే. ముఠాలలో ప్రతి పదవికి ఒక సంఖ్య గలదు. సామాన్యసభ్యుడు 49. నాలుగు తొమ్మిదులు ముప్పదియాఱు గదా. ప్రమాణములు ముప్పదియాఱును చేసినవాడని అర్థము చెప్పుదురు. 25 అనగా లోపల చేరి తనవారిని పట్టియిచ్చువాడు. ఈ యంకె ఎట్లు వచ్చెనో యొక కథయు చెప్పుకొందురు. షావొలిన్ మఠమున శిష్యులలో ఏడవవాడగు మా నింగ్ యీ యనువాడు శత్రుసైన్యమునకు లోపలి దారి చూపి మఠమును కాల్పించెనట. ఆ నీచుని సంఖ్యను నోట పలుకుటకు ఇష్టములేక తోడివారు ఏడును రెండుగాను ఐదుగాను విఱిచి పలికిరట. ఇది చరిత్ర గాదు, జనశ్రుతి మాత్రమే. కాని జనులు తమ రోతను ఎంత లోతున దాచుకొనిరో ఈ కథ తెలుపుచున్నది.

"ఆటలో పిల్లలు ఒండొరులను అందురు, అది వారికి చెల్లును. వారు ఏమి అనుచున్నారో వారికి తెలియును. పదిమంది పెద్దల యెదుట, అన్నము బల్లవద్ద, వెళ్లిపోవువానిని అంటివా, అది నింద. నీ మిత్రుడు చేసినదానికి మాకు వేఱే మాట గలదు: తియూ-చౌ. గుఱ్ఱము ఒక గాడి విడిచి వేఱొక గాడికి దుముకుట. అందు దోషమేమున్నది? గడ్డి యెక్కడ మెండో అక్కడికి గుఱ్ఱము పోవును" అని ఆమె నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

అటుపిమ్మట పెక్కు సాయంకాలములు ఆమెవలన ఈ మాటకు చుట్టములైన మాటలు తెలిసికొంటిమి. 'చొత్-మాయ్' అనగా అమ్మివేయుట; మిత్రుని నమ్మకమునకు ధర కట్టి లాభము పొందిన చోట దీనిని వాడుదురు. 'దుక్-బుయ్-జెక్' అనగా వీపున పొడుచుట. ఎదుట నగుచు వెనుక పై యధికారికి చాడీలు చెప్పువానిపట్ల చెల్లును. 'సిక్-వూన్-మిన్, ఫాన్-వూన్-దాయ్' అనగా గిన్నె పైభాగమున తిని, ఆ గిన్నె యడుగును తలక్రిందు చేయుట. ఇది వినగానే మాకు మన 'తిన్నయింటి వాసాలు లెక్కపెట్టుట' జ్ఞప్తికి వచ్చినది. వారి చూపు గిన్నెమీద నిలిచినది, మన చూపు ఇంటికప్పునకు పోయినది. అన్నము పెట్టిన చేతికి చేసిన కీడు రెండుచోట్లను ఒక్కటియే. కృతఘ్నునకు ఇది తగును గాని, ఎవరి యన్నమును తినక తన కష్టార్జితము తినినవానికి తగదు. జీతము భిక్ష గాదు గదా.

ఇంకొక మాట 'ఫాన్-గ్వాత్-జాయ్', తిరుగుబాటు ఎముక గల కుఱ్ఱడు. దీనికి మూలము 'మూడు రాజ్యముల' నవల. అందు వెయ్ యాన్ అను సేనాని తల వెనుక నొక ఎముక యుబికి యుండెననియు, దానినిబట్టి మంత్రియగు జూగో లియాంగ్ వీడు ఎన్నటికైన తిరుగబడునని ముందే చెప్పెననియు కథ. కాని యా కాలమునకు దగ్గఱివాడైన చరిత్రకారుడు చెన్ షౌ వ్రాసినది వేఱు. 234వ సంవత్సరమున మంత్రి మరణింపగా వెయ్ యాన్ తన పగవాడైన యొక యధికారితో కలహించి చంపబడెను. కాని యాతడు ఉత్తరమున నున్న శత్రురాజును చేరబోలేదు, దక్షిణమునకే మరలెను. ఆ పగవానిని తొలగింపవలెనని కోరెనే గాని రాజ్యమునకు ద్రోహము తలపెట్టలేదని ఆ చరిత్రకారుని తీర్పు. ఐనను పదునెనిమిది వందల యేండ్ల తరువాత నేటికిని ద్రోహికి ఉపమానము అతని పుఱ్ఱెలోని ఎముకయే! చేయని పనికి పుట్టుకనుండియే పేరు పెట్టుట యెంత యన్యాయమో ఇంతకంటె నిదర్శనము కావలెనా?

ఒకనాడు మేము "మంచివానిని ఎవరైన ఈ మాట అందురా?" అని యడిగితిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, తన యన్నగారి కథ చెప్పిరి. ఆయన యౌవనమున నొక కచేరీలో చిన్న గుమాస్తా. ఆ రోజులలో హాంకాంగున అనేక శాఖలలో లంచము మామూలైయుండెను. దానిని జనులు బస్సుతో పోల్చుచుండిరి: ఇష్టమైన ఎక్కి కూర్చుండుము, ఇష్టము లేకున్న ప్రక్కన పరుగెత్తుము, ఎదుట మాత్రము నిలువకుము. 1973లో గాడ్బర్ అను పోలీసు ఉన్నతోద్యోగి ఆదాయమునకు మించిన ధనము కూడబెట్టినట్లు బయటపడి విచారణ సాగుచుండగానే ద్వీపమునుండి పాఱిపోయెను. జనులు సభలు చేసి గగ్గోలు పెట్టిరి. 1974 ఫిబ్రవరిలో లంచములను విచారించుటకు స్వతంత్రసంఘమొకటి ఏర్పడెను. మఱుసటి సంవత్సరము గాడ్బర్ ఇంగ్లండునుండి మరల తేబడి చెఱసాల పాలయ్యెను. ఆ దినములలోనే ఈమె యన్నగారు తమ బల్లపై నెలనెల పంచబడు సొమ్మును గూర్చి ఆ సంఘమునకు వెళ్లి చెప్పిరి.

"మఱునాటినుండి మా యన్నను ఎవరును పేరు పెట్టి పిలువలేదు. యీ-ఙ్-జాయ్ అనియే పిలిచిరి. ఆయన బల్లమీద ఖడియతో 25 అని వ్రాసిరి. మా తండ్రియు కొన్ని నెలలు ఆయనతో కూర్చుండి భుజింపలేదు. మా యన్న మరణించుదాక ఆ యంకె గల ఇంటిలోగాని, ఆ యంకె గల బండిలోగాని అడుగు పెట్టలేదు. ఇప్పుడు చెప్పు, ఆయన ఎవరి గిన్నె తలక్రిందు చేసెను?" అని ఆమె అడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. విందునాటి మా మాటకు ఆమె యంతగా నొచ్చుకొనుటకు కారణము అప్పుడు తెలిసినది.

2002లో హాంకాంగున వెలువడిన 'మౌ గాన్ దౌ' అను చలనచిత్రమును ఆమె చెప్పగా చూచితిమి. అందు పోలీసువాడొకడు ముఠాలో సభ్యుడై నటించుచుండును. ముఠావాడొకడు పోలీసుశాఖలో అధికారియై నటించుచుండును. ఆ పక్షమువారికి వీడు, ఈ పక్షమువారికి వాడు రెండైదులవాడు. మౌ గాన్ అనునది మన పురాణములవారును బౌద్ధులును చెప్పు అవీచినరకమునకు చీనాపేరు. విరామము లేని బాధ యని యర్థము. ఒక ముఖము ధరించి మఱియొక ముఖము దాచుకొనువానికి, వాడు ధర్మపక్షమువాడైనను, ఆ నరకము తప్పదని ఆ చిత్రము తెలుపుచున్నది. ఒకే మాట ఇరువురికిని తగులుచున్నదనిన, ఆ మాట మనుష్యుని గుణమును గాక, పలుకువాడు నిలిచిన చోటునే చెప్పుచున్నదన్నమాట. ఇంతవఱకు తెలిసిన తరువాత మాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఏలయన మేమును ఒకప్పుడు అట్టి చోట నిలిచి ఒక మాట పలికియుంటిమి.

మేము హాంకాంగునకు పోవుటకు రెండేండ్ల ముందు మా పినతండ్రి కుమారునకు ఒక సంబంధము కుదిరెను. పిల్ల చదువుకొన్నది, తలిదండ్రులు నెమ్మదస్తులు. మావానికి అంతకు మునుపే దూరదేశమున వివాహమై, ఆ భార్య విడాకులు లేకయే పుట్టింట విడువబడియున్న సంగతి మా యింట పెద్దలందఱికి తెలియును. ముహూర్తము దాటిన పిమ్మట మెల్లగా సర్దుకొనవచ్చునని ఊరకుండిరి. మా చెల్లెలు మాత్రము ఊరకుండలేదు. మొదట మా పినతండ్రితో చెప్పెను. పిమ్మట మా తండ్రిగారితో చెప్పెను. పిమ్మట మాతోను చెప్పెను. మేము "పెద్దలు చూచుకొందురులే" అంటిమి. ముహూర్తమునకు పదిదినములుండగా ఆమె తానే వెళ్లి పెండ్లికూతురి తల్లికి ఉన్నదున్నట్లు తెలిపెను. సంబంధము తప్పిపోయెను.

ఇంటిల్లిపాదియు ఆమెను ద్రోహి యన్నది. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అను సామెతను మా పెదతండ్రిగారు పదేపదే వల్లించిరి. లంకకు చేటు తెచ్చినది విభీషణుని నోరా, రావణుని చేతయా యని మాలో ఒక్కరమును అడుగలేదు. విభీషణుడు చీకటిలో గోడ దాటి పోలేదు. అన్న యెదుటనే నిలిచి చెప్పి, అన్న విననప్పుడు అందఱు చూచుచుండగా వెడలెను. మా చెల్లెలును మువ్వురకు ఎదుట చెప్పిన పిమ్మటనే బయట చెప్పినది. ఐనను మేము ఆమెకు ఒక్క వాక్యము వ్రాసి పంపితిమి: "తిన్నయింటి వాసాలు లెక్కపెట్టువారు పరాయివారనుకొంటిమి, మా యింటనే పుట్టిరని ఇప్పుడు తెలిసినది." అటుపిమ్మట మూడేండ్లు ఆమె మాతో మాటాడలేదు, మేమును మాటాడలేదు.

మన్-మౌ దేవాలయమునుండి వచ్చిన పిమ్మట మేము మా మనస్సును మూడు ప్రశ్నలడిగితిమి. ఆమె మనవలె నటించి చాటున పని చేసినదా? లేదు, ముందుగా మొగముమీదనే చెప్పినది. దానికి ధర పుచ్చుకొన్నదా? లేదు, పుట్టినింటినే పోగొట్టుకొన్నది. ఆమె కాపాడవలసియుండెనని మేమనుకొనిన గుట్టు ధర్మాత్ముడైనవాడు కాపాడదగినదేనా? ఒక యాడుపిల్ల మెడకు ఉరి బిగించు గుట్టు అది. మూడింటికిని జవాబు ఒక్కటియే. నమ్మకమును చంపినది ఎవరైన నున్నచో అది మా యిల్లు. ఆ పెండ్లికూతురి తలిదండ్రుల నమ్మకమును చంపబోయినది. ఆ యింటికి వంతపాడినవారము మేము.

కాంటనీసున క్షమాపణకు రెండు మాటలున్నవి. త్రోవలో ఒకరి కాలు త్రొక్కినప్పుడు 'మ్-హౌ-యీ-సీ' అందురు. అది మొగమాటమును తెలుపును. నిజముగా అపరాధము చేసినప్పుడు 'దొయ్-మ్-జ్యూ' అందురు. నీ యెదుట నిలువజాలకున్నానని దాని యర్థము. మేము మా మిత్రుని క్రొత్త కచేరీకి వెళ్లి ఈ రెండవమాట చెప్పితిమి. అతడు చాలసేపు మావంక చూచి, "నీ స్వరములు ఆనాడును చక్కగానే యుండెను" అని, క్రింద తేనీటి దుకాణమునకు తీసికొనిపోయెను. ఈసారి తేనీరు మేము పోసితిమి. అతడు బల్లపై రెండు వ్రేళ్లతో తట్టెను.

ఆ రాత్రియే చెల్లెలికి జాబు వ్రాసితిమి. సమర్థించుకొనుటకు చేయి పలుమాఱు పోయినది. కొట్టివేసి కొట్టివేసి, తుదకు తప్పు మాదేయని మాత్రము నిలిపితిమి. మూడు వారములకు బదులు వచ్చినది. "అన్నయ్యా, నీవు వ్రాసిన పాత వాక్యమును నేను చింపివేయలేదు, దాచితిని. ఇప్పుడు ఈ జాబును దానితోనే కలిపి దాచెదను. ఆ పిల్ల చదువు ముగించి ఉద్యోగము చేయుచున్నది. అప్పుడప్పుడు వచ్చి మా యింట భోజనము చేసిపోవును. మా యింటి వాసాలు లెక్కపెట్టుమని నేనే చెప్పుచుందును" అని వ్రాసెను.

సోదరీసోదరులారా, ద్రోహము లోకమున లేదని మేము చెప్పుట లేదు. అది కలదు, దానికి గట్టి మాటయు ఉండవలెను. గట్టి మాట యున్నప్పుడే నిజమైన ద్రోహిని గుర్తింపగలము. కాని ఆ మాటను ఉద్యోగము మారినవానిపైనను, మతము మార్చుకొనినవానిపైనను, కులము విడిచి పెండ్లాడిన పిల్లపైనను, ఇంటి యన్యాయమును బయటపెట్టిన కోడలిపైనను విసరుచు పోయినచో, అది మన చేతులలో అరిగి చెల్లని కాసగును. లేదా నిరపరాధుల నొసటి ముద్ర యగును. ఒకరిని ద్రోహి యనుటకు ముందు, అతడు ముడి విప్పిన నమ్మకము ఎట్టిదో, దానిని ఎవరు ఎందులకు కట్టిరో చూడుడు. అంతవఱకు నోరు కట్టుకొనుటయే మేలు. ఆలస్యముగా నేర్చికొనిన మేము ఈమాత్రము చెప్పగలము.